ఫెతియే వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నారా? చలిష్ కాలవ దగ్గర రొట్టెల బట్టీ గురించి

గౌతమీతీరం:

అందరికీ నమస్కారం. టర్కీలో ఫెతియే వైపు ఈమధ్య ఎవరైనా వెళ్ళొచ్చి ఉంటే నా రెండు ప్రశ్నలకి జవాబు చెప్పండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నది చివర్లో అడుగుతాను. నిజానికి ఎక్కువ రోజులుగా మనసులో నలుగుతున్నది అదే.

మేం ఇంగ్లండులో ఉంటాం. మావారు మత్తు డాక్టరు. 2004 నుంచి 2011 దాకా ప్రతి ఆగస్టులోనూ రెండు వారాలు ఫెతియే పక్కనున్న చలిష్ బీచికి వెళ్ళేవాళ్ళం. ఎనిమిది వేసవులు. మొదటిసారి వెళ్ళినప్పుడు అమ్మాయికి ఎనిమిదేళ్ళు, అబ్బాయికి అయిదు. దలామాన్‌లో విమానం దిగి, తలా పది పౌండ్లు ఇచ్చి పాస్‌పోర్టులో వీసా స్టిక్కరు అంటించుకుని, డబ్బు మార్చుకుంటే ఒక్క పౌండుకి ఇరవయ్యారు లక్షల లిరాల పైచిలుకు చేతికొచ్చాయి. మా వాడు నోటు మీద సున్నాలు లెక్కపెట్టి, "నాన్నా, మనం ఇప్పుడు ధనవంతులమా?" అని అడిగాడు. "ఈ రెండు వారాలూ అంతే" అన్నారు ఆయన. 2005 జనవరిలో వాళ్ళ ప్రభుత్వం ఆరు సున్నాలు కొట్టేసింది. ఆ ఏడు వెళ్ళేసరికి పదిలక్షల నోటు కాస్తా ఒక లిరా అయిపోయిందని పిల్లాడు ఏడ్చినంత పని చేశాడు. అప్పటి పదిలక్షల నోటొకటి ఆయన డైరీలో ఇప్పటికీ ఉంది.

దలామాన్ నుంచి వచ్చేటప్పుడు గోజెక్ దగ్గర కొండ మలుపుల్లో మొదటి రెండేళ్ళూ అబ్బాయికి వాంతులు. 2006లో అక్కడ సొరంగం తెరిచాక ఆ బాధ తప్పింది. మేం దిగేది సముద్రానికి రెండు వీధుల వెనక, ఎనిమిది గదుల చిన్న పాన్సియన్‌లో. దాన్ని నడిపే ఆవిడని అందరూ తెయ్‌జె అనేవాళ్ళు, మేమూ అలాగే పిలిచాం. వాకిట్లో దానిమ్మ చెట్టు. ఎనిమిదేళ్ళూ ఆగస్టులోనే వెళ్ళాం కాబట్టి ఆ కాయలు పండగా ఒక్కసారీ చూడలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంట్లో ఉండే మనిషీ అక్కడుండే మనిషీ ఒకరు కాదు. ఇంట్లో ఆయన అన్నం ముందు కూర్చున్నా ఒక చెవి ఫోను మీదే ఉండేది. సగం తిని లేచి వెళ్ళిన రాత్రులు లెక్కలేనన్ని. అక్కడ లుంగీ కట్టుకుని బాల్కనీలో పుచ్చకాయ కోసేవారు. ఫెతియే చేపల మార్కెట్ మధ్యలో చేపలు, చుట్టూ హోటళ్ళు. మనం చేప కొని ఏదో ఒక హోటలుకి ఇస్తే, వండిన కూలి తీసుకుని సలాడు, రొట్టెతో పెడతారు. గోదావరి మనిషి కదా, మొప్పలెత్తి ఎరుపు చూడందే కొనేవారు కాదు. రెండో ఏటికే అక్కడివాళ్ళు ఆయన్ని చూడగానే నవ్వి, తామే మొప్పలెత్తి చూపించేవాళ్ళు.

ఊరి వెనక కొండలో తొలిచిన అమింటాస్ సమాధి ఉంది, క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంది. దాని గోడ మీద గ్రీకులో "హెర్మగియోస్ కొడుకు అమింటాస్‌ది" అని చెక్కి ఉంటుంది. ఆయన ఆ మెట్లు పిల్లలతో లెక్కపెట్టిస్తూ ఎక్కించేవారు. ఏ ఏడు లెక్కా ముందేటి లెక్కతో కలిసేది కాదు. పైకి చేరాక, "చూశారా, రెండువేల మూడొందల ఏళ్ళయినా వాళ్ళ నాన్న పేరు పోలేదు" అనేవారు. 2011 ఆగస్టు దాదాపు మొత్తం రంజాన్. తెల్లవారకముందే ఒకాయన పెద్ద డోలు వాయించుకుంటూ వీధుల్లో తిరిగి అందర్నీ లేపేవాడు. మొదటి రాత్రి మా వాడు దడుచుకుంటే, ఆయన వాణ్ణి బాల్కనీలోకి తీసుకెళ్ళి డోలాయన మలుపు తిరిగేదాకా చూపించి తెచ్చి పడుకోబెట్టారు.

ఏటా మేం బయల్దేరేటప్పుడు తెయ్‌జె కారు వెనక చెంబెడు నీళ్ళు పోసేది. ఆ ఏడు అర్ధరాత్రి విమానం. ఆవిణ్ణి లేపడం ఎందుకని చడీచప్పుడు లేకుండా వచ్చేశాం. ఆ తర్వాత అమ్మాయి పరీక్షలు, అత్తగారి జబ్బు, సెలవులన్నీ రాజమండ్రికే. 2018 డిసెంబరులో ఆయన పోయారు. యాభై ఎనిమిదేళ్ళు.

ఇప్పుడు పిల్లలిద్దరూ అక్టోబరులో నన్ను అక్కడికి తీసుకెళ్తామంటున్నారు. అమ్మాయికి రెండున్నరేళ్ళ పిల్లాడు, వాడికి ఆ సముద్రం చూపించాలట. నాకు అరవై రెండు, కుడి మోకాలు మార్చారు. పెద్ద ప్రశ్న ఇదీ: వెళ్ళమంటారా? ఇంట్లో ఆయన లేకపోవడం నాకు ఏడేళ్ళుగా అలవాటైంది. చలిష్‌లో ఆయన లేకపోవడం మాత్రం నాకింకా జరగలేదు. అక్కడ ఆయన ఇంకా చేప మొప్పలెత్తి చూస్తూనే ఉన్నారు. దాన్ని నా చేతులారా చెడగొట్టుకుంటానేమోనని భయం.

చిన్న ప్రశ్న. ఆయన రోజూ తెల్లవారుజామునే రొట్టెలకి వెళ్ళేవారు. వేడి రొట్టెలు కాగితంలో చుట్టుకుని వచ్చేసరికి ఒకదాని కొస ఎప్పుడూ విరిగి ఉండేది. దారిలో తినేసేవారు. ఎప్పుడు వెళ్ళినా నలభై నిమిషాలు. ఇంతసేపేమిటంటే "క్యూ ఉంది" అనేవారు. ఎనిమిదేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఆయనతో వెళ్ళలేదు. పిల్లలూ వెళ్ళలేదు, నిద్రపోతుండేవాళ్ళు. ఆ బట్టీ ఎక్కడుందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. కాలవ వైపని మాత్రం ఒకసారి అన్నట్టు గుర్తు. ఎవరికైనా తెలుసా?

బాటసారి_బ్రిస్టల్:

అమ్మా, నమస్కారం. నేను పోయిన సెప్టెంబరులో పది రోజులు అక్కడే ఉన్నాను. వెళ్ళాలా వద్దా అనేది నేను చెప్పగలిగింది కాదు. వెళ్తే ఎలా ఉంటుందో మాత్రం చెప్తాను.

వీసా గొడవ ఇప్పుడు లేదు. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంటే 2020 మార్చి నుంచి 90 రోజుల దాకా వీసా అక్కర్లేదు. అక్కడ దిగిన రోజు నుంచి పాస్‌పోర్టుకి కనీసం 150 రోజుల గడువు ఉండాలి, ఇది మాత్రం చూసుకోండి. దలామాన్‌లో మీరెరిగిన టెర్మినల్ కాదిప్పుడు, 2018లో పెద్ద కొత్తది కట్టారు. దిగగానే ఏమీ గుర్తుపట్టలేక మీకు గుబులు పుట్టొచ్చు. సొరంగం దాటి ఫెతియే అఖాతం కనిపించేదాకా ఓపిక పట్టండి, అక్కణ్ణుంచి కొండలు మీకు తెలిసినవే.

డబ్బు సంగతి. మీరు చివరగా వెళ్ళిన 2011లో పౌండుకి మూడు లిరాల లోపే వచ్చేది. ఇప్పుడు యాభై దాటింది. అంతమాత్రాన చవక అనుకోకండి, ధరలు కూడా అంతకంతా పెరిగాయి. హోటలు తిండి ఇంగ్లండుతో పెద్ద తేడా లేదనిపించింది నాకు. అన్నిటికంటే పెద్ద నోటు ఇప్పటికీ రెండొందల లిరాలదే కాబట్టి, నగదు తీసుకెళ్తే పర్సు పట్టదు. కార్డులు దాదాపు అన్నిచోట్లా తీసుకుంటారు. మీ పదిలక్షల నోటు మాత్రం భద్రంగా డైరీలోనే ఉంచండి. 2015 చివరి దాకా బ్యాంకులో మార్చుకునే గడువు ఉండేది, ఇప్పుడది మీవారి జ్ఞాపకం తప్ప డబ్బు కాదు.

ఏం మారిందంటే, రేవు దగ్గరున్న పాత రంగస్థలం మీ రోజుల్లో శిథిలంగా, గడ్డి మొలిచి ఉండేది కదా, దానికి కొత్త రాయి వేసి బాగుచేశారు. కొంతమందికి నచ్చలేదు. నాకూ మొదట నచ్చలేదు, కానీ దాని పై వరసలో కూర్చుని రేవు చూస్తే ఆ మాట వెనక్కి తీసుకున్నాను. బాబాదా కొండ మీదికి 2021 నుంచి కేబుల్ కారు నడుస్తోంది. 1969 మీటర్ల శిఖరం అది. పైన పందొమ్మిది వందల మీటర్ల దాకా మోకాలికి శ్రమ లేకుండా వెళ్ళొచ్చు. ఓలుదెనిజ్ సరస్సు మొత్తం అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. పైన చలిగాలి, శాలువా తీసుకెళ్ళండి. మనవడికి చెవులు పట్టేస్తాయేమో, మధ్య స్టేషనులో కాసేపు ఆగండి.

మారనివి: చలిష్ నుంచి ఫెతియేకి పడవ ఇప్పటికీ ఉంది, షొవాల్యే దీవి పక్కనుంచే వెళ్తుంది. మంగళవారం ఫెతియే సంత, ఆదివారం చలిష్ సంత. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీద గాలి లేస్తుంది, పొద్దు కుంకేవేళ అందరూ గట్టు మీదికి వస్తారు. చేపల మార్కెట్ పద్ధతి అదే. అమింటాస్ మెట్లు మీ మోకాలితో ఎక్కొద్దమ్మా. రాత్రిళ్ళు ఆ సమాధికి దీపాలు వేస్తారు. కింద ఊళ్ళోంచి చూస్తే బాగుంటుంది.

ఆగస్టు బదులు అక్టోబరు అనుకోవడం మంచి పని. ఎండ మెత్తబడుతుంది, నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి.

బట్టీ మాట. టర్కీలో దాన్ని ఫిరిన్ అంటారు, బోర్డు మీద ఆ మాట వెతకండి. చలిష్ కాలవ వెనక వీధుల్లో అలాంటిది నేనొకటి చూశాను, కానీ పధ్నాలుగేళ్ళ కిందటిది అదేనని చెప్పలేను. తెల్లవారుజామున వెళ్తే ముక్కే దారి చూపిస్తుంది.

నీలిరంగు:

నేను వేరే మాట చెప్పాలి. ఏమీ అనుకోకండి.

మా నాన్న గల్ఫ్‌లో పనిచేసేటప్పుడు మమ్మల్ని మూడుసార్లు కుషదాసి తీసుకెళ్ళాడు, అదీ టర్కీలో సముద్రం ఒడ్డు ఊరే. గువర్జినాదా అని చిన్న దీవి, దాని మీద కోట, ఊరి నుంచి దానికి రాతి కట్ట. ఆ కట్ట మీద నాన్న భుజాలెక్కి వెళ్ళడమే నా బాల్యంలో అన్నిటికంటే ఎత్తైన చోటు. నాన్న పోయాక నేనూ తమ్ముడూ వెళ్ళాం. దీవి ఉంది, కోట ఉంది. ఆ కట్ట మేం నాలుగు నిమిషాల్లో నడిచేశాం. అంత చిన్నది! మేం దిగిన ఇల్లు ఏ వీధిలో ఉండేదో కూడా పోల్చుకోలేకపోయాం. రేవులో ఓడలు, ఒక్కో ఓడ నుంచి వేలమంది జనం. తమ్ముడు అరగంటలో హోటలుకి వెళ్ళిపోదామన్నాడు.

అప్పట్నుంచి ఒకటి జరిగింది. కళ్ళు మూసుకుంటే ఇదివరకు పెద్ద కట్ట కనిపించేది. ఇప్పుడు చిన్నదే కనిపిస్తోంది. పాతది ఎంత పిలిచినా రావడం లేదు. మీకు ఆయన అక్కడ ఇంకా చేపలు కొంటూ కనిపిస్తున్నారంటే, అది మామూలు ఆస్తి కాదు. నేనైతే పిల్లలతో కలిసి వెళ్ళని ఊరికి వెళ్తాను.

గౌతమీతీరం:

బాటసారి బాబూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు ఎంతో సంతోషం. నీలిరంగు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివి కంప్యూటరు మూసేశాను. నా భయానికి నేను పెట్టలేని మాటలు మీరు పెట్టారు. పిల్లలకి ఇంకా ఏమీ చెప్పలేదు. టికెట్లకి శుక్రవారం దాకా గడువుంది.

ఇజ్మీర్_కోడలు:

అక్కా, నేను పుట్టింది తెనాలి, మెట్టింది ఇజ్మీర్. పదమూడేళ్ళయింది. మీ ఉత్తరం మా ఆయనకి టర్కీ భాషలో చెప్పాను. తెయ్‌జె నీళ్ళు పోయలేదన్న చోట ఆయన ఆపమని, మళ్ళీ చెప్పమన్నారు.

ఆ నీళ్ళ సంగతి మీకెవరైనా చెప్పారో లేదో. ప్రయాణమై వెళ్ళేవాళ్ళ వెనక నీళ్ళు పోసి "సు గిబి గిత్, సు గిబి గెల్" అంటారు. నీళ్ళలా వెళ్ళు, నీళ్ళలా తిరిగి రా అని. దారిలో ఏదీ అడ్డం పడకూడదని. మా అత్తగారు నేను తెనాలి వెళ్ళిన ప్రతిసారీ మూడో అంతస్తు నుంచి దిగివచ్చి మరీ పోస్తుంది. ఆ ఒక్కసారి పోయలేదు కాబట్టే మళ్ళీ వెళ్ళలేకపోయామని మీ మనసులో ఎక్కడైనా ఉంటే, అక్కా, తీసెయ్యండి. ఆవిడ తెల్లారి లేచి, మీ గది ఖాళీగా చూసి, వాకిట్లో పోసే ఉంటుంది. ఆ వయసు ఆడవాళ్ళని నేనెరుగుదును.

తెయ్‌జె అంటే పిన్నో పెద్దమ్మో, అమ్మకి చెల్లెలో అక్కో. ఇప్పుడు మీ వయసుకి మిమ్మల్నే వీధిలో పిల్లలు తెయ్‌జె అని పిలుస్తారు. ఉలిక్కిపడకండి.

ఇక వెళ్ళడం గురించి. ఫెతియే పక్కన కయాకోయ్ ఉంది, మీరు చూసే ఉంటారు. కొండ వాలంతా కప్పుల్లేని రాతి ఇళ్ళు. 1923లో గ్రీసుకీ టర్కీకీ మధ్య జనాన్ని మార్చుకున్నప్పుడు అక్కడి గ్రీకు కుటుంబాలు ఊళ్ళకి ఊళ్ళే వదిలి వెళ్ళిపోయాయి. ఫెతియేకి అప్పటి పేరు మాక్రి. ఆ చుట్టుపక్కల నుంచి వెళ్ళినవాళ్ళు ఏథెన్స్ దగ్గర కొత్త ఊరు కట్టుకుని దానికి నెయా మాక్రి అని పేరు పెట్టుకున్నారు, కొత్త మాక్రి అని. ఊరి పేరు కూడా మూటలో కట్టుకుపోయారన్నమాట. మేం వెళ్ళిన రోజున అక్కడ ఒక గ్రీకు ముసలాయన తన తాతగారి ఇల్లేదో తెలియక, ఏదో ఒక ఇంటి గుమ్మంలో కూర్చుని నారింజ ఒలుచుకుంటున్నాడు. "ఇదేనా?" అని మా ఆయన అడిగితే, "కాకపోయినా ఫరవాలేదు, ఇక్కణ్ణుంచి కనిపించే కొండ అదే కదా" అన్నాడు. నీలిరంగు గారికి జరిగింది అబద్ధమని అనను. కానీ వారు అక్కడ అరగంటే ఉన్నారు. మీరు పది రోజులు ఉండండి.

ఇంకో మాట. మా ఇజ్మీర్‌లో ఎవరైనా పోతే నలభయ్యో రోజునో, ఏడాదికో వీధిలో పెద్ద మూకుడు పెట్టించి లోక్మా వేయిస్తారు. పిండి ఉండలు నూనెలో వేయించి పాకంలో ముంచి, దారిన పోయేవాళ్ళందరికీ డబ్బు తీసుకోకుండా పెడతారు. తిన్నవాళ్ళు పోయినవాళ్ళ కోసం ఒక ప్రార్థన అనుకుంటారు. అది కుదరకపోతే ఇంట్లోనే ఇర్మిక్ హెల్వా. ఇర్మిక్ అంటే బొంబాయి రవ్వ. వెన్నలో రవ్వ, చిల్గోజా పప్పు దోరగా వేయించి, వేడి పాలు, పంచదార పోసి మగ్గబెట్టడమే. మన రవ్వకేసరికి తోబుట్టువు. రవ్వ వేయించేటప్పుడు ఇంట్లోవాళ్ళు తలా కాసేపు గరిటె తిప్పుతారు. వంటిల్లున్న ఫ్లాటు తీసుకుని అది చెయ్యండి. ఇరుగుపొరుగుకి పంచండి. ఎందుకని ఎవరూ అడగరు, చూడగానే తెలిసిపోతుంది. వాళ్ళు "బాషినుజ్ సా ఓల్సున్" అంటారు. మీ తల చల్లగా ఉండాలని. చనిపోయి ఏడేళ్ళయిందని మొహమాటపడకండి, ఆ ఊరికి ఆ కబురు ఇంకా చేరలేదు కదా.

గౌతమీతీరం:

వెళ్ళొచ్చాం. రాయడానికి మూడు వారాలు పట్టింది, మన్నించాలి.

కోడలమ్మా, చివర్లో నువ్వు రాసిన ఆ మాట, ఆ ఊరికి కబురు చేరలేదన్నది, అది చదివాకే అమ్మాయికి ఫోన్ చేసి టికెట్లు తీసుకోమన్నాను.

బాటసారి బాబు చెప్పినట్టే విమానాశ్రయంలో ఏమీ గుర్తుపట్టలేదు. సొరంగంలోకి వెళ్ళగానే మా అబ్బాయి, ఇరవయ్యారేళ్ళవాడు, "ఇప్పుడు వాంతులు రావమ్మా" అని నా చెయ్యి పట్టుకున్నాడు. మా పాత వీధికి రెండు సందుల ఇవతల ఫ్లాటు తీసుకున్నాం. మొదటి సాయంత్రమే పాన్సియన్ చూద్దామని వెళ్తే అది లేదు. ఆ స్థలంలో నాలుగంతస్తుల తెల్లటి ఫ్లాట్లు. వాకిలి లేదు, దానిమ్మ చెట్టు లేదు. పక్క కొట్టాయన ఫోనులో అనువాదం పెట్టుకుని చెప్పాడు, తెయ్‌జె కొడుకు దగ్గరికి దెనిజ్లి వెళ్ళిపోయిందట, అప్పుడే చాలా ఏళ్ళయిందట. బతికుందో లేదో ఆయనకి తెలియదు. ఆ రాత్రి నీలిరంగు గారు రాసిందే నిజమనుకున్నాను. నిద్ర పట్టలేదు.

రెండో రోజు చేపల మార్కెట్. అమ్మాయి కొందామంది. నేను దూరంగా నిలబడ్డాను. అది తిన్నగా వెళ్ళి, సముద్రపు బ్రీము చేప ఒకదాన్ని తీసి, ఎవరూ చెప్పకుండానే మొప్ప ఎత్తి చూసింది. అది ఇంగ్లండులో పెరిగిన పిల్ల. సూపర్‌మార్కెట్‌లో ప్లాస్టిక్ చుట్టిన ముక్కలు తప్ప కొనదు. నేను చూస్తున్నానని దానికి తెలియదు. తెలియనివ్వలేదు కూడా.

వీధులన్నిటా దానిమ్మలు ఎర్రగా పండి, కొన్ని పగిలి వేలాడుతున్నాయి. ఎనిమిదేళ్ళు పచ్చిగా చూసిన కాయలు. సంతలో ఒక ముసలాయన అప్పటికప్పుడు పిండి గ్లాసుల్లో పోసి ఇస్తుంటే మనవడు గడ్డం నిండా పూసుకున్నాడు. అమింటాస్ మెట్లు నేను ఎక్కలేదు. అబ్బాయి మేనల్లుణ్ణి భుజాన వేసుకుని ఎక్కాడు. కిందికొచ్చి ఒక లెక్క చెప్పాడు. అదీ పాతవాటిలో దేనితోనూ కలవలేదు.

అయిదో రోజున హెల్వా చేశాం. ముగ్గురం తలా కాసేపు గరిటె తిప్పాం, మనవడి చెయ్యి కూడా పట్టి తిప్పించాం. రవ్వ వేగే వాసన మన వంటిల్లే. చిల్గోజాతో పాటు నేను నాలుగు ఏలకులు కూడా దంచి వేశాను కోడలమ్మా, ఆయనకి ఏలకులు లేని తీపి తీపే కాదు. పై ఇంటికి, కింది ఇంటికి, కొట్టాయనకి ఇచ్చాం. కింది ఇంటావిడ గిన్నె అందుకుని ఒక్క క్షణం నా మొహం చూసి, నువ్వు రాసిన ఆ మాటే అంది. తర్వాత నన్ను గట్టిగా పట్టుకుంది. నేను ఆవిడ భుజం మీద ఏడ్చాను. ఆయన పోయినప్పుడు కూడా పిల్లలు బెంబేలెత్తిపోతారని అంతలా ఏడవలేదు. మేం బయల్దేరిన తెల్లవారుజామున ఆవిడ రాత్రి గౌనుతోనే కిందికి దిగి, కారు వెనక ఒక గ్లాసుడు నీళ్ళు పోసింది.

బట్టీ సంగతి చెప్పలేదు కదూ. అది హెల్వా చేసిన మర్నాడు. ఆరున్నరకి ఇంకా మసకచీకటిగానే ఉంది. పిల్లల్ని లేపకుండా చెప్పులేసుకుని కాలవ వైపు నడిచాను. వీధి ఊడుస్తున్న అబ్బాయిని "ఎక్మెక్?" అని అడిగితే చీపురుతో చూపించాడు. కొట్ల వెనక సందులో చిన్న తలుపు. లోపల పిండి పూసుకున్న మనిషి పొడుగాటి చెక్క తెడ్డుతో రొట్టెలు బయటికి లాగుతున్నాడు. "హోష్ గెల్దినిజ్" అన్నాడు. రెండు కొని, కాగితంలో చుట్టించుకుని బయటికొచ్చి టైము చూశాను. నా మోకాలితో మెల్లగా నడిస్తే వచ్చింది ఏడు నిమిషాలు. క్యూ లేదు. నా ముందు ఒక్కరే ఉన్నారు.

ఆయన నడకకి రానూపోనూ పది నిమిషాలు కూడా పట్టదు. మిగతా అరగంట?

తిరిగి రాబోతుంటే కాలవ అవతల, వంతెన దాటాక, సముద్రానికి ఎదురుగా నాలుగు చెక్క బల్లలు కనిపించాయి. పడవల వాళ్ళు, ఇద్దరు ముసలాళ్ళు టీ తాగుతున్నారు. ఎవరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు. నన్ను చూసి ఒకాయన కుర్చీ జరిపాడు. కూర్చున్నాను. నడుము సన్నటి గాజు గ్లాసులో టీ, రెండు పంచదార బిళ్ళలు. పొద్దు మన వెనక కొండల మీంచి వస్తుంది కాబట్టి అక్కడ మనం నీడలోనే ఉంటాం. వెలుగు ముందు అఖాతం అవతలి కొండల మీద పడి, నీళ్ళ మీదుగా, దీవి మీదుగా, పడవల మీదుగా మెల్లగా మన వైపు నడిచి వస్తుంది. అది కాళ్ళ దాకా రావడానికి ఎంతసేపు పట్టిందో నేను చూశాను.

అదే బట్టీ అని నేను చెప్పలేను. అవే బల్లలని అంతకన్నా చెప్పలేను. కానీ ఇరవయ్యేళ్ళు ఫోను మోగుతుందేమోనని చూస్తూ అన్నం తిన్న మనిషికి, ఎవరూ పిలవని అరగంట ఏడాదికి పద్నాలుగు రోజులు దొరికింది. దాన్ని మాక్కూడా చెప్పకుండా దాచుకున్నారు. నాకు కోపం రాలేదు. ఇంకో టీ తెప్పించుకున్నాను. కాగితం విప్పి రొట్టె కొస విరిచి తిన్నాను. వేడి ఇంకా ఉంది.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి పిల్లాణ్ణి చంకనేసుకుని గుమ్మంలో కంగారుగా నిలబడి ఉంది. "ఎక్కడికెళ్ళావమ్మా, ఇంతసేపా?" అంది.

"క్యూ ఉంది" అన్నాను.